దంతవైద్యంలో ఎముక ప్రత్యామ్నాయ పదార్థాలు

దవడ ఎముకలో ఏర్పడిన లోటును పూడ్చడానికి దంతవైద్యులు ఉపయోగించే సహజ లేదా కృత్రిమ పదార్థాలను ఎముక ప్రత్యామ్నాయ పదార్థాలు అంటారు. ఇవి ఎక్కువగా తెల్లని రేణువుల రూపంలో, చూడడానికి బొంబాయి రవ్వను పోలి ఉంటాయి. కొన్ని ముద్దగాను, కొన్ని దిమ్మలుగాను లభిస్తాయి. ఒక పంటి గుంతను నింపడానికి సాధారణంగా గ్రాము కంటే తక్కువే సరిపోతుంది.

ఈ పదార్థాలలో అధిక భాగం కాల్షియం లవణాలే. అయినప్పటికీ వాటిలో ఒకటి రెండు నెలలలో కరిగి మాయమవుతుంది. మరొకటి పదేళ్ళ తరువాత కూడా దవడలో పెట్టినది పెట్టినట్లే కనిపిస్తుంది. ఈ తేడాకు కారణం పేరులోనో ధరలోనో లేదు. కాల్షియం, ఫాస్ఫరస్‌ల నిష్పత్తి, స్ఫటిక నిర్మాణం, రేణువుల పరిమాణం, సచ్ఛిద్రత అనే గుణాలలో ఉంది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ గుణాలను వివరిస్తుంది.

అవసరం

పళ్ళను పట్టి ఉంచే ఎముక గట్టు పళ్ళ కోసమే ఏర్పడినది. పన్ను తీసివేస్తే దానికి పని లేకపోయి క్రమంగా క్షీణిస్తుంది. పన్ను తీసిన మొదటి సంవత్సరంలో ఆ చోట గట్టు వెడల్పు సుమారు సగానికి తగ్గుతుందనీ, ఆ తగ్గుదలలో మూడింట రెండు వంతులు మొదటి మూడు నెలలలోనే జరుగుతుందనీ పరిశీలనలు తెలుపుతున్నాయి. వృద్ధులలో కట్టుడు పళ్ళు కొంతకాలానికి వదులై జారిపోవడానికి ఇదే ప్రధాన కారణం. ఇంప్లాంట్ అమర్చాలన్నా దాని చుట్టూ తగినంత ఎముక ఉండాలి. ఇదిగాక చిగుళ్ళ వ్యాధి వలన పంటి వేరు పక్కన ఏర్పడే గుంతలు, నీటితిత్తులు తొలగించిన తరువాత మిగిలే ఖాళీలు, పై దవడలో సైనస్ గది అడుగున ఎముక పలుచబడడం వంటి సందర్భాలలో కూడా పూరణ అవసరమవుతుంది.

ఇందల్వాయి మండలం 44వ జాతీయ రహదారి మీద, నిజామాబాదు, కామారెడ్డి పట్టణాల మధ్య ఉంది. అక్కడి రోగి ఈ చికిత్స కోసం నిజామాబాదుకు గాని హైదరాబాదుకు గాని వెళ్ళాలి. నిజామాబాదు సమీపంలోని మల్లారంలో మేఘన దంతవైద్య కళాశాల ఉంది. ఎముక పూరణ ఒక్క రోజుతో ముగిసే చికిత్స కాదు. నింపిన పదార్థం ఎముకగా మారేవరకు నెలల తరబడి ఆగి, ఆ తరువాతనే ఇంప్లాంట్ అమర్చవలసి రావచ్చు. ఆ నిరీక్షణ ఎన్ని నెలలన్నది నింపిన పదార్థం గుణాల మీద ఎంతో ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఈ రసాయన శాస్త్రం రోగికి కూడా అక్కరకు వచ్చేదే.

రోగి సొంత ఎముకనే గడ్డం నుండి గాని, కింది దవడ వెనుక భాగం నుండి గాని, తుంటి నుండి గాని తీసి వాడడం అన్నిటికంటే మేలైన పద్ధతిగా పరిగణిస్తారు. అందులో జీవకణాలు ఉంటాయి, ఎముక పెరుగుదలను ప్రేరేపించే మాంసకృత్తులు ఉంటాయి, కణాలు పాకడానికి ఆధారమూ ఉంటుంది. అయితే దీనికి మరొక చోట గాయం చేయాలి, పైగా దొరికే పరిమాణం తక్కువ. ప్రత్యామ్నాయ పదార్థాలలో చాలావాటికి చివరి గుణం మాత్రమే ఉంటుంది. అవి బీరతీగకు వేసిన పందిరి వంటివి. తీగ పందిరిది కాదు. చుట్టూ ఉన్న సజీవమైన ఎముక నుండి రావలసినదే. పందిరి తీగ పాకకముందే కూలిపోకూడదు. దవడలోని పందిరికి మరొక నియమం కూడా ఉంది: తీగ నిలదొక్కుకున్న తరువాత అది తొలగిపోయి చోటివ్వాలి.

సహజమైన ఎముక

ఎముక బరువులో సుమారు 60 నుండి 70 శాతం ఖనిజం, 20 నుండి 25 శాతం సేంద్రియ పదార్థం, మిగిలినది నీరు. సేంద్రియ పదార్థంలో దాదాపు 90 శాతం కొల్లాజెన్ అనే మాంసకృత్తి. ఖనిజ భాగం హైడ్రాక్సీఅపటైట్‌ను పోలి ఉంటుంది గాని శుద్ధమైన హైడ్రాక్సీఅపటైట్ కాదు. అందులో బరువు ప్రకారం 4 నుండి 8 శాతం వరకు కార్బొనేట్ ఉంటుంది. సోడియం, మెగ్నీషియం కూడా స్వల్పంగా ఉంటాయి. దాని స్ఫటికాలు కొన్ని పదుల నానోమీటర్ల పొడవు, రెండు నుండి నాలుగు నానోమీటర్ల మందం మాత్రమే ఉన్న పలుచని రేకులు.

స్ఫటికం ఇంత చిన్నది కావడం, కార్బొనేట్ చేరి దాని అమరిక కొంత చెదరడం, ఈ రెండూ ఎముక ఖనిజాన్ని సులువుగా కరిగేట్లు చేస్తాయి. ఇది లోపంగా తోచవచ్చు గాని శరీరానికి కావలసినది ఇదే. ఎముక జీవితాంతం కరుగుతూ, తిరిగి కట్టబడుతూ ఉండాలి.

రసాయన ధర్మాలు

హైడ్రాక్సీఅపటైట్ ఒక ప్రమాణంలో పది కాల్షియం పరమాణువులు, ఆరు ఫాస్ఫేట్ సమూహాలు, రెండు హైడ్రాక్సైడ్ సమూహాలు ఉంటాయి. పదిని ఆరుతో భాగిస్తే 1.67 వస్తుంది. కాల్షియం, ఫాస్ఫరస్‌ల నిష్పత్తి అంటే ఇదే. ఇది పరమాణువుల సంఖ్యల నిష్పత్తి. బరువుల నిష్పత్తి తీసుకుంటే సుమారు 2.16 అవుతుంది. విద్యార్థులు ఈ రెండింటినీ తరచుగా కలగలుపుతారు. దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.16 గ్రాములు. స్ఫటికం షట్కోణాకృతి వ్యవస్థకు చెందినది. కాఠిన్యంలో మోహ్స్ కొలమానంపై 5వ స్థానం ఖనిజ అపటైట్‌దే.

కాల్షియం ఫాస్ఫేట్లలో హైడ్రాక్సీఅపటైట్ అతి తక్కువగా కరిగే వాటిలో ఒకటి. తటస్థంగా ఉన్న శరీర ద్రవాలలో అది దాదాపు కరగదు. ఆమ్లత పెరిగితే కరుగుతుంది. ఆస్టియోక్లాస్టులు అనే కణాలు ఎముక ఉపరితలానికి అంటుకొని, తమ కింద ఉన్న చిన్న చోటును మూసివేసి, అక్కడికి ఆమ్లాన్ని వదలి పి.హెచ్. విలువను సుమారు 4.5కు దించుతాయి. ఎముక కరిగేది అక్కడే. పాచిలోని సూక్ష్మజీవులు చక్కెర నుండి ఆమ్లం తయారుచేసి పంటిని పిప్పి చేయడం వెనుక ఉన్న రసాయన చర్య కూడా ఇటువంటిదే.

ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌లో మూడు కాల్షియంలకు రెండు ఫాస్ఫేట్లు, నిష్పత్తి 1.5. దీనికి ఆల్ఫా, బీటా అని రెండు ప్రధాన రూపాలున్నాయి. సంఘటనం ఒకటే అయినా స్ఫటిక నిర్మాణం వేరు. బీటా రూపాన్ని సుమారు 1125 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిచేస్తే ఆల్ఫాగా మారుతుంది. సాంద్రత బీటాకు 3.07, ఆల్ఫాకు 2.86. ఆల్ఫా ఎక్కువగా కరుగుతుంది, బీటా అంతకంటే తక్కువగా, హైడ్రాక్సీఅపటైట్ అన్నిటికంటే తక్కువగా. పూరణలో ఎక్కువగా వాడేది బీటా రూపం. ఇది రేణువుల తీరును బట్టి సుమారు ఆరు నుండి పద్దెనిమిది నెలలలో చాలావరకు కరిగిపోతుంది.

ఒకటి మరీ నిదానం, మరొకటి కొంత వేగం. కాబట్టి రెండింటినీ కలిపి వాడడం సహజంగా వచ్చిన ఆలోచన. హైడ్రాక్సీఅపటైట్ 60 పాళ్ళు, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ 40 పాళ్ళు గల ద్విదశా కాల్షియం ఫాస్ఫేట్ బాగా ప్రచారంలో ఉన్నది. బీటా భాగం ముందుగా కరిగి కాల్షియం, ఫాస్ఫేట్ అయాన్లను విడుదల చేస్తుంది, తక్కిన భాగం చోటును నిలిపి ఉంచుతుంది.

తయారీలో ముఖ్యమైనది అవక్షేప పద్ధతి. తడి సున్నాన్ని నీటిలో కలిపి, దానికి ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని చుక్కలు చుక్కలుగా చేరుస్తారు. లెక్క ప్రకారం 741 గ్రాముల తడి సున్నానికి 588 గ్రాముల ఫాస్ఫారిక్ ఆమ్లం చేరిస్తే సుమారు 1005 గ్రాముల హైడ్రాక్సీఅపటైట్, 324 గ్రాముల నీరు ఏర్పడతాయి. చర్య జరిగినంతసేపూ ద్రావణం క్షార గుణంతోనే ఉండాలి. ఆమ్లాన్ని తొందరపడి పోస్తే కాల్షియం లోపించిన అపటైట్ ఏర్పడుతుంది. దాన్ని వేడిచేస్తే అందులో కొంత గాని, అంతా గాని బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌గా మారిపోతుంది. అంటే పాత్రలో జరిగిన చిన్న తొందరపాటు, దవడలో పదార్థం ఎన్నాళ్ళు ఉంటుందన్నదాన్ని మార్చివేస్తుంది.

బోధన్ ప్రాంతం వారికి ఈ చర్యకు దగ్గరి బంధువు పరిచయమే. చక్కెర కర్మాగారాలలో చెరకు రసానికి సున్నపు పాలు కలుపుతారు. రసంలో సహజంగా ఉన్న ఫాస్ఫేట్‌తో, అది చాలనప్పుడు బయటి నుండి చేర్చిన ఫాస్ఫారిక్ ఆమ్లంతో సున్నం కలిసి కాల్షియం ఫాస్ఫేట్ అవక్షేపమవుతుంది. అది మలినాలను తనతో పాటు అడుగుకు లాగి రసాన్ని తేటపరుస్తుంది. 1937లో స్థాపితమైన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది గాని, చెరకు ఆడే ప్రతిచోటా ఈ రసాయన చర్య జరుగుతూనే ఉంది. పాశ్చాత్య దేశాల శుద్ధి కర్మాగారాలలో చక్కెర పాకం రంగు విరవడానికి వాడిన ఎముక బొగ్గులో కూడా అధిక భాగం హైడ్రాక్సీఅపటైటే. అక్కడ మడ్డిగా పారవేసే కాల్షియం ఫాస్ఫేట్‌కూ, వైద్యుని చేతిలోని రేణువులకూ మధ్య ఉన్న అంతరం శుద్ధత, స్ఫటిక నిర్మాణం, పరిశుభ్రతలది.

హైడ్రాక్సైడ్ స్థానంలో ఫ్లోరైడ్ చేరితే ఫ్లోరపటైట్ ఏర్పడుతుంది. ఇది ఆమ్లానికి మరింత తట్టుకుంటుంది. పళ్ళపొడులలో, పేస్టులలో ఫ్లోరైడ్ కలపడం ఇందుకే. తాగునీటిలో అది మితిమీరితే ఏమవుతుందో నల్లగొండ జిల్లా ప్రజలకు వేరే చెప్పనక్కరలేదు.

వేడిచేయడం వలన కలిగే మార్పులు

అవక్షేపంగా వచ్చిన మెత్తని పొడిని 1000 డిగ్రీలకు మించి కాలిస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కొని గట్టిపడతాయి. కుమ్మరి ఆవంలో కుండ కాలడం వంటిదే ఇది. స్ఫటికాలు పెద్దవవుతాయి, లోపలి సూక్ష్మరంధ్రాలు మూసుకుంటాయి, ఉపరితల వైశాల్యం పడిపోతుంది. ఫలితంగా బలం పెరిగి, కరిగే గుణం బాగా తగ్గుతుంది. రసాయన సంఘటనం ఒక్కటే అయినా, కాల్చని నానో హైడ్రాక్సీఅపటైట్ కొన్ని నెలలలో తగ్గుముఖం పడితే, బాగా కాల్చినది ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పెట్టె మీద హైడ్రాక్సీఅపటైట్ అన్న పేరు చూసి గుణాన్ని నిర్ణయించలేమనడానికి ఇదే నిదర్శనం. పశువుల ఎముక నుండి తయారుచేసే పదార్థాలకూ ఇది వర్తిస్తుంది. తక్కువ వేడి మీద శుద్ధి చేసినదానిలో సహజమైన చిన్న స్ఫటికాలు, కార్బొనేట్ కొంతవరకు మిగులుతాయి. ఎక్కువ వేడి మీద కాల్చినదానిలో అవి పోతాయి.

భౌతిక ధర్మాలు

దంతవైద్యంలో వాడే రేణువులు ఎక్కువగా 250 నుండి 1000 మైక్రాన్ల మధ్య ఉంటాయి. సైనస్ వంటి పెద్ద ఖాళీలకు ఒకటి నుండి రెండు మిల్లీమీటర్ల రేణువులు కూడా వాడతారు. మరీ సన్నని పొడి అయితే శరీర రక్షణ కణాలు దాన్ని మింగివేయడానికి ప్రయత్నించి వాపు కలిగిస్తాయి, రేణువుల మధ్య రక్తనాళాలు పెరగడానికి సందు కూడా ఉండదు. మరీ పెద్దవైతే చిన్న గుంతలో సరిగా కుదురుకోవు.

సచ్ఛిద్రతలో చూడవలసినవి రెండు. మొదటిది రంధ్రం పరిమాణం. ఎముక లోపలికి పెరగాలంటే రంధ్రాలు కనీసం 100 మైక్రాన్లు ఉండాలని, 300 మైక్రాన్లకు మించితే రక్తనాళాలకు మరింత అనుకూలమని చెబుతారు. రెండవది రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండడం. అగ్గిపెట్టెల దొంతరలో ఖాళీ ఎంత ఉన్నా లోపలికి దారి ఉండదు. స్పాంజిలో దారి ఉంటుంది. ఎముకకు కావలసినది రెండవ రకం. పది మైక్రాన్ల లోపు సూక్ష్మరంధ్రాలలోకి కణాలు దూరలేవు గాని, అవి రక్తాన్ని పీల్చుకొని మాంసకృత్తులను నిలుపుకోవడానికి పనికివస్తాయి. ఈ రంధ్రాలన్నీ శ్రమపడి తయారుచేసిన రేణువులను గుంతలో గట్టిగా కూరితే ప్రయోజనం పోతుంది. రేణువుల మధ్య సందులే అసలు దారులు కనుక, మెల్లగా అద్దడమే సరైన పద్ధతి.

బలం విషయంలో ఆశ ఎక్కువగా పెట్టుకోకూడదు. దవడ పైపొర వంటి దట్టమైన ఎముక 100 నుండి 230 మెగాపాస్కల్‌ల సంపీడన ఒత్తిడిని తట్టుకుంటుంది. లోపలి గుల్ల ఎముక 2 నుండి 12 మెగాపాస్కల్‌లు. రంధ్రాలు లేని హైడ్రాక్సీఅపటైట్ దిమ్మ నొక్కుడుకు దట్టమైన ఎముకను మించి తట్టుకోగలదు, కాని వంచితే పింగాణీలా పగులుతుంది. ఎముకలో కొల్లాజెన్ పోగులు పగులును ఆపుతాయి. పింగాణీలో ఆపేది ఏదీ లేదు. రంధ్రాలు పెరిగేకొద్దీ నొక్కుడు బలం కూడా పడిపోయి గుల్ల ఎముక స్థాయికి దిగుతుంది. అందుకే వీటిని నలువైపులా ఎముక గోడలు ఉన్న గుంతలలో నింపడం తేలిక; గోడలు లేని చోట పైన పొరతో గాని, లోహపు జాలీతో గాని రక్షణ కల్పించాలి.

కాల్షియం సల్ఫేట్, జీవక్రియాశీల గాజు

జిప్సమ్‌ను వేడిచేస్తే వచ్చే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఈ పదార్థాలలో పాతది. 1892లోనే జర్మన్ వైద్యుడు డ్రీస్‌మన్ ఎముక ఖాళీలను దీనితో నింపి ఫలితాలు ప్రకటించాడు. నీరు కలపగానే గట్టిపడి తిరిగి జిప్సమ్ అవుతుంది, చవకైనది, శరీరం సులువుగా కరిగించుకుంటుంది. దీని లోపం కూడా అదే. ఒకటి రెండు నెలలలో కరిగిపోవడం వలన, పెద్ద ఖాళీలలో ఎముక ఇంకా అంచులలోనే ఉండగా పందిరి కూలిపోతుంది. ఇప్పుడు దీన్ని ఎక్కువగా ఇతర రేణువులను కలిపి పట్టి ఉంచడానికి వాడుతున్నారు.

1969లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ కనుగొన్న 45ఎస్5 గాజు దీనికి పూర్తిగా భిన్నమైనది. అందులో బరువు ప్రకారం సిలికా 45, సోడియం ఆక్సైడ్ 24.5, కాల్షియం ఆక్సైడ్ 24.5, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ 6 శాతం ఉంటాయి. కిటికీ గాజులో సిలికా 70 శాతానికి పైగా ఉంటుంది కాబట్టి అది నీటికి చెదరదు. ఈ గాజు చెదురుతుంది. శరీర ద్రవం తగలగానే సోడియం బయటికి వెళ్ళి, ఉపరితలంపై సిలికా జిగురు పొర మిగులుతుంది. దానిపై కాల్షియం, ఫాస్ఫేట్ చేరి కార్బొనేట్‌తో కూడిన అపటైట్ పొర ఏర్పడుతుంది. అంటే ఈ గాజు తన పైన తానే ఎముక ఖనిజాన్ని పోలిన తొడుగు తొడుక్కుంటుంది. ఎముక ఆ తొడుగుకు నేరుగా అంటుకుంటుంది.

జంతు, మానవ మూలాల పదార్థాలు

పశువుల ఎముక నుండి సేంద్రియ పదార్థాన్నంతా తొలగించి మిగిలిన ఖనిజ పంజరాన్ని వాడడం ప్రపంచమంతటా ఉంది. సహజమైన రంధ్రాల అమరిక చెదరకుండా దొరకడం దీని మేలు. 70 శాతానికి పైగా సచ్ఛిద్రత ఉంటుంది. ఇది చాలా నిదానంగా కరుగుతుంది కాబట్టి గట్టు ఆకారం నిలపడానికి అనువైనది. దీనికి విరుద్ధంగా, ఆమ్లంతో ఖనిజాన్ని తొలగించి కొల్లాజెన్‌ను మిగిల్చే పద్ధతి ఉంది. ఖనిజం తీసిన ఎముకను కండరంలో పెట్టినా అక్కడ కొత్త ఎముక పుడుతుందని 1965లో మార్షల్ యూరిస్ట్ చూపాడు. దాని వెనుక ఉన్న మాంసకృత్తులు తరువాత గుర్తించబడ్డాయి. దాతల ఎముకను ఈ విధంగా శుద్ధి చేసి, తేమ తొలగించి, గామా కిరణాలతో సూక్ష్మజీవరహితం చేసి సరఫరా చేసే కణజాల నిధులు ఉన్నాయి. మన దేశంలో ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి నిధి వాటిలో ఒకటి.

ఇక్కడ రసాయన శాస్త్రంతో పరిష్కారం కాని ఒక విషయం ఉంది. తన దవడలో పెట్టేది గోజాతి ఎముకో, దానిపై కప్పే పొర పంది చర్మపు కొల్లాజెనో, మరణించిన దాత ఎముకో తెలుసుకొనే హక్కు రోగికి ఉంది. నిజామాబాదు, బోధన్ వంటి చోట్ల హిందువులు, ముస్లిములు కలిసి జీవిస్తున్నారు. ఈ పదార్థాలలో ఒకటి కాకపోతే మరొకటి ఎవరో ఒకరికి అభ్యంతరకరం కావచ్చు. శాకాహారులకు ఏ జంతు మూలమైనా కష్టమే. పెట్టె మీది వివరాలు సాధారణంగా ఆంగ్లంలోనే ఉంటాయి కనుక, రోగికి అర్థమయ్యే భాషలో మూలాన్ని చెప్పి అంగీకారం తీసుకోవడం వైద్యుని బాధ్యత. కృత్రిమ పదార్థాలు చాలా సందర్భాలలో అందుబాటులో ఉన్నాయి కాబట్టి, అడిగిన రోగి వైద్యానికి అడ్డుపడుతున్నట్లు భావించడం సరికాదు.

కోడిగుడ్డు పెంకు నుండి

కోడిగుడ్డు పెంకులో సుమారు 94 శాతం కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. దాన్ని కడిగి, సుమారు 900 డిగ్రీల వద్ద కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెలువడి పొడి సున్నం మిగులుతుంది. దాన్ని ఫాస్ఫేట్‌తో చర్య జరిపితే హైడ్రాక్సీఅపటైట్ వస్తుంది. సిద్ధాంతరీత్యా 100 గ్రాముల పెంకు నుండి సుమారు 94 గ్రాములు రావాలి. అంటే ఐదారు గ్రాముల బరువుండే ఒక్క గుడ్డు పెంకు అనేక పంటి గుంతలకు సరిపోతుంది. పెంకులోని కొద్దిపాటి మెగ్నీషియం వంటి మూలకాలు కూడా తుది పదార్థంలోకి చేరి దాన్ని సహజ ఎముకకు కొంత దగ్గర చేస్తాయి. చెన్నైలోని ఐఐటీ పరిశోధకులు మైక్రోవేవ్ వేడితో ఈ పదార్థాన్ని నానో పరిమాణంలో తయారుచేసే విధానాన్ని 2007లో ప్రచురించారు. గుంటూరు సమీపంలోని సిబార్ దంతవైద్య కళాశాల వైద్యులు గుడ్డు పెంకు హైడ్రాక్సీఅపటైట్‌ను రోగుల దవడ ఎముక ఖాళీలలో వాడి, అనుకూల ఫలితాలను 2014లో వెల్లడించారు. పరీక్షించిన రోగుల సంఖ్య తక్కువ కనుక దీన్ని ఆశాజనకమైన ప్రారంభంగానే చూడాలి. గుడ్ల ఉత్పత్తిలో ముందున్న తెలుగు రాష్ట్రాలలో పెంకులు వ్యర్థాలుగా పోతున్నాయి కాబట్టి ముడిసరుకుకు కొరత లేదు.

పరీక్షలు

తయారైన పొడి ఏ పదార్థమో ఎక్స్-కిరణ వివర్తనం ద్వారా తెలుస్తుంది. స్ఫటికాలు పెద్దవైతే రేఖాచిత్రంలో శిఖరాలు సన్నగా నిటారుగా, చిన్నవైతే వెడల్పుగా వస్తాయి. పరారుణ వర్ణపటంలో కార్బొనేట్, హైడ్రాక్సైడ్ ఉన్నవీ లేనివీ బయటపడతాయి. శస్త్రచికిత్సకు వాడే హైడ్రాక్సీఅపటైట్‌లో సీసం, ఆర్సెనిక్, పాదరసం, కాడ్మియం వంటివి మిలియన్‌లో కొన్ని భాగాలకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణాలు నిర్దేశిస్తాయి; భార లోహాలన్నీ కలిపి మిలియన్‌కు 50 భాగాలు హద్దు. ఇంటి పొయ్యి మీద కాల్చిన సున్నం ఈ పనికి పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

నింపిన తరువాత తీసే ఎక్స్-రే చిత్రం మాత్రం కొంత మోసపూరితమైనది. కాల్షియం ఫాస్ఫేట్ రేణువులు ఎముకలాగే, ఒక్కొక్కప్పుడు ఎముక కంటే ఎక్కువగా, తెల్లగా కనిపిస్తాయి. చికిత్స జరిగిన రోజునే తీసిన చిత్రంలో కూడా గుంత నిండినట్లే ఉంటుంది. అది కొత్త ఎముకో, కరగని రేణువులో, రేణువుల చుట్టూ పేరుకున్న పీచు కణజాలమో ఆ చిత్రం చెప్పదు. ఇంప్లాంట్ కోసం రంధ్రం చేసేటప్పుడు తీసిన సన్నని ఎముక ముక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తే గాని, పందిరి మీదికి తీగ ఎంతవరకు పాకిందో తెలియదు.